కొనేది మనం, చివరిదాకా వాడేది అమ్మ
(పాత ఫోను మార్చేముందు వేసుకోవాల్సిన లెక్కలు)

మెస్ బిల్లు, స్కాలర్‌షిప్ ఓటీపీ, ల్యాబ్ రికార్డు ఫోటోలు, ప్లేస్‌మెంట్ టెస్ట్ లింకు. మన బతుకంతా ఫోనులోనే ఉంది. అది ముసలిదైపోతే మనకు కాళ్లు చేతులు ఆడవు. అప్పుడు ఏం చేస్తాం? రూమ్మేట్‌ని అడుగుతాం, నాలుగు వీడియోలు చూస్తాం, సేల్‌లో ఏది చవగ్గా వస్తే అది కొనేస్తాం. ఈ మధ్య నా నాలుగేళ్ల ఫోను మార్చాల్సి వచ్చింది. చేతిలో ఉన్నది ఇంటర్న్‌షిప్ స్టైపెండ్‌లో మిగిలిన ఇరవై వేలు. మళ్లీ అంత డబ్బు ఒక్కసారిగా ఎప్పుడు చేతికొస్తుందో తెలీదు. కాబట్టి "ఏది బాగుంది?" అనే ప్రశ్న పక్కన పెట్టి, "ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?" అని వెతకడం మొదలుపెట్టాను. అలా తెలుసుకున్నవి ఒక పాఠంలా ఇక్కడ రాస్తున్నాను. మన సిలబస్‌లో చదివినవే చాలావరకు పనికొచ్చాయి.

మన ఇళ్లలో ఫోను ఎలా బతుకుతుంది

కంపెనీల లెక్క ప్రకారం మనం ఒక ఫోను రెండు మూడేళ్లు వాడి పడేస్తాం. మన ఇళ్లలో అలా జరగదు. మనం వాడిన ఫోను అమ్మకు వెళ్తుంది. అమ్మది నానమ్మకు వెళ్తుంది, ప్రవచనాలు వినడానికి. అంటే ఫోను ఆయుష్షు మన మూడేళ్లు ప్లస్ అమ్మ మూడేళ్లు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఫోను కొత్తగా, బలంగా ఉన్నప్పుడు వాడేది మనం. ఏ లింకు నొక్కకూడదో మనకు తెలుసు. అది బలహీనపడి, అప్‌డేట్లు ఆగిపోయాక వాడేది అమ్మ. మా అమ్మ డ్వాక్రా గ్రూపు లీడర్. గ్రూపు సభ్యుల వాయిదాల డబ్బు ఆమె ఫోన్‌పే నుంచే వెళ్తుంది, బ్యాంకు ఓటీపీ ఆమె నంబరుకే వస్తుంది. అంటే ఇంట్లో అందరికంటే ఎక్కువ భద్రత కావాల్సిన మనిషి చేతికి అందరికంటే తక్కువ భద్రత ఉన్న ఫోను వెళ్తోంది. నా వెతుకులాటలో మిగతావన్నీ దీని తర్వాతే వచ్చాయి. ఫోను మొదటి రోజు ఎలా ఉంటుందో చూసి కాదు, ఐదో ఏడాది అమ్మ చేతిలో ఎలా ఉంటుందో ఊహించుకుని కొనాలి.

ముందు పాతదాని రోగం తేల్చాలి

కొత్తది కొనేముందు పాతదానికి ఏమైందో చూడాలి. అన్ని రోగాలకూ కొత్త ఫోను మందు కాదు.

ఛార్జింగ్ 20 శాతం ఉండగానే, కెమెరా తెరిస్తే ఫోను ఆగిపోతోందా? ఇది ఓమ్ సూత్రమే. ప్రతి బ్యాటరీకీ లోపల కొంత నిరోధం ఉంటుంది, వయసు పెరిగే కొద్దీ అది పెరుగుతుంది. ఉదాహరణకు బ్యాటరీ 3.7 వోల్టుల దగ్గర ఉందనుకుందాం. కెమెరా, ప్రాసెసర్ కలిసి ఒక్కసారిగా 2 ఆంపియర్లు లాగాయి. లోపలి నిరోధం 0.1 ఓమ్ అయితే పడిపోయేది 0.2 వోల్టు, ఫోనుకు 3.5 అందుతుంది. అదే నిరోధం 0.3 ఓమ్‌కి పెరిగితే 0.6 వోల్టు పడిపోయి 3.1 మాత్రమే అందుతుంది. ఆ వోల్టేజీ సరిపోక ఫోను ఆగిపోతుంది. ఛార్జి ఉంది, ఇచ్చే శక్తి లేదు. ఇది బ్యాటరీ మారిస్తే పోయే రోగం.

ఫోను నత్తనడక నడుస్తోందా? ముందు స్టోరేజ్ ఎంత ఖాళీ ఉందో చూడండి. ఫ్లాష్ మెమరీ నిండిపోతే కొత్తది రాయడానికి పాతది జరిపి, చెరిపి చోటు చేసుకోవాలి, అందుకే ఆలస్యం. నాలుగు సెమిస్టర్ల వాట్సాప్ వీడియోలు తీసేస్తే కొంత ప్రాణం వస్తుంది. ఛార్జింగ్ పిన్ను వదులైందా? ఒక్కోసారి పోర్టులో జేబు దూది పేరుకుని ఉంటుంది.

బ్యాటరీ ఉబ్బి వెనక మూత లేచినట్టు కనిపిస్తే మాత్రం వాడటం, ఛార్జింగ్ పెట్టడం వెంటనే ఆపేయాలి. నొక్కడం, గుచ్చడం అసలు చేయకూడదు. నేరుగా షాపుకు తీసుకెళ్లాలి.

ఇక రిపేరుకు లొంగని రోగం ఒకటుంది. సెట్టింగ్స్‌లో ఫోను వివరాల దగ్గర ఆండ్రాయిడ్ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ ఉంటుంది. నా పాత ఫోనులో అది రెండేళ్ల కిందటి తేదీ దగ్గరే ఆగిపోయింది. బ్యాటరీకి డబ్బు పెట్టి మార్పించుకోవచ్చు గానీ ఆ తేదీని ఏ షాపువాడూ ముందుకు జరపలేడు. నేను కొత్త ఫోను వైపు చూసింది అందుకే. ఆ తేదీ ఇంకా తాజాగా ఉంటే బ్యాటరీ మార్పించుకుని మరో ఏడాదో రెండేళ్లో లాగడమే తెలివైన పని.

గట్టితనం అంటే గొలుసు లెక్క

"ఈ ఫోను చాలా స్ట్రాంగ్" అని షాపులో నేలకేసి కొట్టి చూపిస్తారు. కానీ ఫోను ఆయుష్షు అద్దం ఒక్కటీ తేల్చేది కాదు. అప్‌డేట్లు, బ్యాటరీ, స్టోరేజ్, తెర, రిపేరు సౌకర్యం, ఈ ఐదూ ఉంటేనే ఫోను నడుస్తుంది. రిలయబిలిటీలో దీన్నే సిరీస్ సిస్టమ్ అంటాం. మొత్తం నిలిచే అవకాశం ఒక్కో భాగం అవకాశాల లబ్ధం.

ఊహకు ఒక లెక్క వేద్దాం. ఐదేళ్ల తర్వాత ఒక్కో భాగం పనికొచ్చే అవకాశం 0.9 అనుకుంటే మొత్తం 0.59. ఇప్పుడు ఒక్క అప్‌డేట్ల అవకాశం మాత్రం 0.3కి తగ్గిద్దాం. మొత్తం 0.2కి పడిపోతుంది. మిగతా నాలుగింటినీ డబ్బు పోసి 0.99 చేసినా మొత్తం 0.29 దాటదు. అంటే బలమైన లంకెను ఇంకా బలంగా చేయడానికి పెట్టే డబ్బు వృథా. ప్రకటనల్లో జరిగేది సరిగ్గా ఇదే: ఉన్న కెమెరాకే ఇంకో కెమెరా తగిలిస్తారు. పైన పటారం, లోన లొటారం. కాబట్టి ఐదు లంకెలనూ ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి లంకె: అప్‌డేట్ల గడువు

గూగుల్ దాదాపు ప్రతినెలా ఆండ్రాయిడ్‌లో బయటపడ్డ లోపాల జాబితా ప్రకటిస్తుంది. అప్‌డేట్ వచ్చిన ఫోనులో ఆ కన్నం మూసుకుపోతుంది. రాని ఫోనులో కన్నం అలాగే ఉంటుంది. పైగా కన్నం ఎక్కడుందో ఆ జాబితా చదివిన దొంగకీ తెలిసిపోతుంది. పాత ఫోనుకు ప్రమాదం ఏటేటా పెరిగేది అందుకే. దానికి తోడు బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు కూడా మరీ పాత ఆండ్రాయిడ్‌ను ఏదో ఒకరోజు వదిలేస్తాయి.

ఈ విషయంలో కాలం కాస్త మారింది. 2023 అక్టోబరులో గూగుల్ పిక్సెల్ 8కి, 2024 జనవరిలో శామ్‌సంగ్ గెలాక్సీ ఎస్24కి 7 ఏళ్ల అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించారు. అవి ఖరీదైన ఫోన్లే. కానీ 2024లోనే వచ్చిన గెలాక్సీ ఏ16 5జీ లాంటి మామూలు ఫోనుకు కూడా 6 ఏళ్ల హామీ ఇచ్చారు. అంటే మన బడ్జెట్‌లో కూడా ఇది అడగదగ్గ ప్రశ్నే. ఆపిల్ ముందుగా పెద్ద హామీలు ఇవ్వకపోయినా, 2018లో వచ్చిన ఐఫోన్ ఎక్స్ఆర్‌కి 2024లో వచ్చిన ఐఓఎస్ 18 కూడా అందింది.

ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్త. ఈ గడువు సాధారణంగా ఫోను మార్కెట్లోకి విడుదలైన రోజు నుంచి లెక్క, మనం కొన్న రోజు నుంచి కాదు. 4 ఏళ్ల హామీ ఉన్న ఫోను రెండేళ్ల క్రితం విడుదలైతే, ఇవాళ సేల్‌లో చవగ్గా కొన్న మనకు మిగిలింది రెండేళ్లే. మందుల డబ్బా మీద ఎక్స్‌పైరీ డేట్ చూసినట్టే ఇది కూడా చూడాలి. ఇంకోటి, కొత్త ఆండ్రాయిడ్ వెర్షన్లు ఎన్ని ఇస్తారన్నది వేరు, సెక్యూరిటీ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారన్నది వేరు. అమ్మకు కావాల్సింది రెండోది.

రెండో లంకె: బ్యాటరీ

లిథియం అయాన్ బ్యాటరీ అరిగిపోయే వస్తువు, బైకు టైరు లాంటిది. దాని వయసును సైకిళ్లలో కొలుస్తారు. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండు రోజులకు ఒక సైకిల్. ఐఫోన్ 14 వరకు బ్యాటరీ 500 సైకిళ్ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా తయారుచేశామని ఆపిల్ చెప్పింది. ఐఫోన్ 15 నుంచి ఆ సంఖ్య 1000. యూరోపియన్ యూనియన్‌లో 2025 జూన్ 20 నుంచి అమలైన నిబంధనల ప్రకారం అక్కడ అమ్మే ఫోన్ల బ్యాటరీ కనీసం 800 సైకిళ్లు ఆ 80 శాతాన్ని నిలపాలి.

మనం రోజుకో సైకిల్ వాడతాం అనుకుందాం, హాస్టల్‌లో అంతకంటే తక్కువేం ఉండదు. 500 సైకిళ్లు అంటే ఏడాదిన్నర కూడా రాదు. 800 అంటే రెండేళ్ల రెండు నెలలు. 1000 అంటే రెండేళ్ల తొమ్మిది నెలలు. అంటే ఆరేళ్లు వాడాలనుకున్న ఏ ఫోనుకైనా కనీసం ఒకసారి బ్యాటరీ మార్చక తప్పదు. కాబట్టి బ్యాటరీ 5000 ఎంఏహెచ్చా 6000 ఎంఏహెచ్చా అన్నదాంతోపాటు, మూడేళ్ల తర్వాత అసలు బ్యాటరీ దొరుకుతుందా, మార్చడానికి ఎంత అవుతుంది అన్నవి కూడా అడగాలి.

బ్యాటరీని చంపేది ముఖ్యంగా వేడి. మన మే నెల ఎండలో బైకు హ్యాండిల్‌కి ఫోను బిగించి మ్యాప్ పెట్టుకుని వెళ్లడం, ఛార్జింగ్ పెట్టి గేమ్ ఆడటం, దిండు కింద ఛార్జింగ్ పెట్టి పడుకోవడం, ఈ మూడూ మానేస్తే చాలు. 100 శాతం దగ్గర గంటలకొద్దీ ఉంచడం కూడా మంచిది కాదు. చాలా ఫోన్లలో 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపే సెట్టింగ్ ఉంది, అది ఆన్ చేసి పెట్టుకోండి.

మూడో లంకె: స్టోరేజ్

స్పెసిఫికేషన్లలో అందరూ ర్యామ్ చూస్తారు, స్టోరేజ్ రకం ఎవరూ చూడరు. తక్కువ ధర ఫోన్లలో ఈఎంఎంసీ అనే పాత రకం ఇప్పటికీ వస్తోంది. దాంట్లో ఒకేసారి చదవడం, రాయడం రెండూ కుదరవు, సింగిల్ లైన్ రైలు మార్గం లాగ. యూఎఫ్‌ఎస్ డబుల్ లైన్ లాంటిది, రెండూ ఏకకాలంలో జరుగుతాయి, పనులను వరుసలో పెట్టుకునే వీలూ ఉంది. ఈఎంఎంసీ 5.1 గరిష్ఠ వేగం సెకనుకు 400 ఎంబీ. యూఎఫ్‌ఎస్ 2.2కి అది సుమారు 1200 ఎంబీ. మొదటి నెలలో ఈ తేడా పెద్దగా తెలీదు. యాప్‌లు బరువెక్కిన నాలుగో ఏడాది బాగా తెలుస్తుంది.

ఈ ధరల్లో నా కనీస కొలత: యూఎఫ్‌ఎస్ స్టోరేజ్, 128 జీబీ, అసలు ర్యామ్ 6 లేదా 8 జీబీ. "8 ప్లస్ 8" అని రాస్తే రెండో 8 ర్యామ్ కాదు, స్టోరేజ్‌లో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడుకోవడం. ఆపరేటింగ్ సిస్టమ్స్ సబ్జెక్టులో చదివిన స్వాపింగే. దానికి డబ్బు ఎక్కువ పెట్టక్కర్లేదు.

నాలుగో లంకె: అద్దం, నీళ్లు

ఫోను అద్దాన్ని గట్టిపరిచే పద్ధతి ముచ్చటైనది. సుమారు 400 డిగ్రీల కరిగిన పొటాషియం లవణంలో అద్దాన్ని ముంచుతారు. ఉపరితలంలోని చిన్న సోడియం అయాన్లు బయటికొచ్చి, వాటి చోటులో పెద్ద పొటాషియం అయాన్లు ఇరుక్కుంటాయి. కిక్కిరిసిన బస్సులో జనం ఒకరినొకరు అదుముకున్నట్టు ఉపరితలం ఒత్తిడికి లోనవుతుంది. పగులు తెరుచుకోవాలంటే ముందు ఆ ఒత్తిడిని దాటాలి.

అయినా అద్దం అద్దమే. మోస్ కొలతలో దానికి గీత పడటం 6 దగ్గర మొదలవుతుంది. ఇసుకలోని క్వార్ట్జ్ 7. జేబులో తాళం చెవి కన్నా వైజాగ్ బీచ్ నుంచి జేబులో తెచ్చుకున్న ఇసుకే ప్రమాదం. అందుకే టెంపర్డ్ గ్లాస్, అంచులు కొంచెం పైకి లేచిన పౌచ్. ఈ రెండు మూడొందల ఖర్చు, కొత్త రకం అద్దం కోసం ఎక్కువ పెట్టే వేలకన్నా మేలు.

నీటి సంగతి. ఐపీ తర్వాత మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీటికి. 67 అంటే మీటరు లోతు నీటిలో 30 నిమిషాలు. 68 అంటే అంతకన్నా కఠినమైన, కంపెనీ చెప్పిన పరిస్థితులు. ఈ పరీక్షలు మంచినీటిలో, కొత్త ఫోను మీద చేస్తారు. లోపలి రబ్బరు సీలు, జిగురు కాలంతో వదులవుతాయి. ఫోను ఒకసారి విప్పితే ఇంకా అనుమానమే. పైగా నీళ్లు పోయిన ఫోనుకు సాధారణంగా వారంటీ ఇవ్వరు. ఐపీ రేటింగ్ వానకు గొడుగు లాంటిది, ఈతకు కాదు.

"మిలిటరీ గ్రేడ్" అన్న మాట కూడా చూస్తుంటాం. మిల్-ఎస్‌టీడీ-810హెచ్ అనేది అమెరికా రక్షణ శాఖ పరీక్షా పద్ధతుల పుస్తకం. సైన్యం ఫోన్లకు ఇచ్చే సర్టిఫికెట్ కాదు. అందులో ఏ పరీక్షలు చేయాలో ఎంచుకునేది కంపెనీయే. ఏ పరీక్షలు చేశారో రాయకపోతే ఆ మాటకు మార్కులు వేయకండి.

ఐదో లంకె: రిపేరు

ఆరేళ్లలో ఒక్కసారైనా తెర పగలకుండా ఉంటుందని ఎవరూ చెప్పలేరు. కొనకముందే కంపెనీ సైట్‌లో ఆ మోడల్ విడిభాగాల ధరలు చూడండి. చాలా కంపెనీలు మన దేశపు సైట్లలో ఆ జాబితా పెడతాయి. షాపు భాషలో చెప్పాలంటే డిస్‌ప్లే కాంబో, బ్యాటరీ, ఛార్జింగ్ బోర్డు, ఈ మూడింటి ధరలు రాసుకోండి. కాంబో ఖరీదు ఫోను ధరలో సగానికి దగ్గరైతే, కింద పడ్డ రోజే ఆ ఫోను కథ ముగిసినట్టు. అమోలెడ్ తెరలు అందంగానే ఉంటాయి, కానీ ఎల్‌సీడీ కన్నా మార్చడం ఖరీదు. ఏళ్ల తరబడి ఒకే గుర్తు ఒకేచోట వెలిగితే మచ్చ మిగిలే గుణమూ వాటికి ఉంది.

సర్వీస్ సెంటర్ ఎక్కడుందో కూడా చూడాలి. కాలేజీ ఊళ్లో కాదు, అమ్మ ఉండే ఊరికి దగ్గర్లో. హైదరాబాద్‌లో ఉంటే అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో దొరకని పార్టు ఉండదంటారు. అమ్మ మండలం నుంచి అక్కడికి రాలేదు కదా!

ప్రపంచం ఈ దిశగా కదులుతోంది. ఫ్రాన్స్ 2021 జనవరి నుంచి ఫోన్ల మీద రిపేరు స్కోరు రాయాలంది. యూరోపియన్ యూనియన్ కొత్త నిబంధనల్లో మోడల్ అమ్మకం ఆగాక కూడా 7 ఏళ్లు ముఖ్య విడిభాగాలు దొరకాలని ఉంది. అక్కడి ఫోను లేబుల్ మీద కింద పడితే తట్టుకునే గ్రేడు, రిపేరు గ్రేడు, బ్యాటరీ సైకిళ్లు కనిపిస్తాయి. మన దగ్గర అమ్మే మోడల్ అక్కడా అమ్ముతుంటే ఆ లేబుల్ వెతికి చూడొచ్చు. ఇక్కడి రకంలో తేడాలుండొచ్చు, అయినా ఒక అంచనా వస్తుంది. మన కేంద్ర ప్రభుత్వం కూడా 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది.

ఇక నెట్‌వర్క్ గురించి ఒక్క మాట. మన దేశంలో 5జీ 2022 అక్టోబరు 1న మొదలైంది. జియో వాడేవాళ్లు ఎన్78తో పాటు ఎన్28 బ్యాండ్ కూడా ఉందో లేదో చూసుకోండి. 700 మెగాహెర్ట్జ్‌లో నడిచే ఆ బ్యాండ్ దూరానికి, గోడల లోపలికి బాగా వెళ్తుంది. ఊళ్లలో పనికొచ్చేది అదే.

ధర కాదు, ఏడాది ఖర్చు చూడండి

నేను చివరికి వేసిన లెక్క ఇది. అంకెలు ఉదాహరణకే. ఒక ఫోను 13,000, సెక్యూరిటీ అప్‌డేట్లు ఇంకా 3 ఏళ్లు మిగిలాయి. ఏడాదికి 4,333. ఇంకో ఫోను 19,000, అప్‌డేట్లు 6 ఏళ్లు. మధ్యలో బ్యాటరీ మార్పుకు 2,000 కలిపినా మొత్తం 21,000, ఏడాదికి 3,500. కొన్నరోజు ఆరు వేలు ఖరీదైనది, వాడేకాలంలో ఏడాదికి ఎనిమిది వందలకు పైగా చవక.

సెకండ్ హ్యాండ్‌కీ ఇదే సూత్రం. ధరను, మిగిలిన అప్‌డేట్ల ఏళ్లతో భాగించండి. దానికి ముందు *#06# కొట్టి వచ్చే ఐఎంఈఐ నంబరును ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో సరిచూడండి. దొంగ ఫోనని బ్లాక్ అయి ఉంటే అక్కడే తెలిసిపోతుంది.

షాపుకెళ్లేముందు రాసుకోవాల్సినవి

1. ఈ మోడల్ ఎప్పుడు విడుదలైంది? సెక్యూరిటీ అప్‌డేట్లు ఏ సంవత్సరం వరకు?
2. బ్యాటరీ ఎన్ని సైకిళ్లకు? మార్చడానికి ఎంత?
3. స్టోరేజ్ యూఎఫ్‌ఎస్సా, ఈఎంఎంసీయా?
4. డిస్‌ప్లే కాంబో ధర ఫోను ధరలో ఎన్నో వంతు?
5. ఇంటి దగ్గర సర్వీస్ సెంటర్ ఉందా?
6. పైవన్నీ అయ్యాకే కెమెరా, రంగు.

నేను కొన్న మోడల్ పేరు కావాలనే రాయడం లేదు. మీరిది చదివేసరికి దాని గడువులో కొన్ని నెలలు తరిగిపోయి ఉంటాయి. ఈ ఆరు ప్రశ్నలు మాత్రం వచ్చే ఏడాది కూడా పనికొస్తాయి.

చివరగా, పాత ఫోను. అప్‌డేట్లు ఆగిన నా ఫోనులో గూగుల్ అకౌంట్ తీసేసి, ఫ్యాక్టరీ రీసెట్ చేసి, సిమ్ లేకుండా నానమ్మకు ఇచ్చాను. హాట్‌స్పాట్ మీద ప్రవచనాలు వింటోంది. అందులో బ్యాంకు యాప్ లేదు, యూపీఐ లేదు, ఓటీపీ రాదు. డబ్బు నడిచే ఫోనుకు అప్‌డేట్లు వస్తూ ఉండాలి అని ఇంట్లో ఒక నియమం పెట్టుకున్నాం. మీరు కూడా ఈసారి సెలవులకు ఇంటికెళ్లినప్పుడు ఒక పని చేయండి. అమ్మ ఫోను తీసుకుని సెట్టింగ్స్‌లో ఆ సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ చూడండి. కొత్త ఫోను ముందు మీకు కావాలో, అమ్మకు కావాలో ఆ తేదీయే చెబుతుంది.